కైక ఆ రోజే ఎందుకు మారింది? పాత్రల మనసు చదవడం పిల్లలకు నేర్పేదెలా

పదో తరగతి పిల్లల్ని "కైక వరాలు ఎందుకు అడిగింది?" అని అడగండి. ఎక్కువ మంది ఒకే జవాబు రాస్తారు: "కైక స్వార్థపరురాలు. మంథర చెప్పుడు మాటలు విన్నది." రామాయణం వాళ్లకు ఉపవాచకం, కథంతా తెలుసు. గైడులో పాత్ర స్వభావం కింద అచ్చేసిన నాలుగు విశేషణాలూ కంఠతా వచ్చు. ఆ జవాబుకు మార్కులు కూడా పడతాయి. అయినా అడిగిన ప్రశ్న అలాగే మిగిలిపోయింది. కైక స్వార్థపరురాలే అనుకుందాం. ఆ రెండు వరాలు ఎన్నో ఏళ్లుగా ఆమె దగ్గరే ఉన్నాయి. మరి అన్నాళ్లూ అడగకుండా ఎందుకు ఊరుకుంది?

గుంటూరులో హైస్కూలు పిల్లలకు తెలుగు చెప్తున్నాను. ఏ కథ పాఠమైనా పిల్లలు నిజంగా ఆగి ఆలోచించేది ఇలాంటి ప్రశ్న దగ్గరే. మనిషి గుణం చెప్పేస్తే ఆ మనిషి చేసిన పనికి కారణం చెప్పినట్టేనని వాళ్లు అనుకుంటారు. గుణం ఏళ్ల తరబడి ఉండేది. పని మాత్రం ఒకానొక రోజు, ఒకానొక గంటలో జరుగుతుంది. ఆ గంటలో ఏం జరిగిందో చెప్పలేని జవాబు ఎంత చక్కగా రాసినా అది పాత్ర గురించి మన తీర్పు మాత్రమే.

వాల్మీకి అయోధ్యకాండలో ఈ ఘట్టం నడిచిన తీరు చూడండి. మంథర మేడ ఎక్కి అలంకరించిన అయోధ్యను చూస్తుంది. రాముడి పట్టాభిషేకం అని తెలిసి, ఉడికిపోతూ వచ్చి, పడుకుని ఉన్న కైకను లేపి చెప్తుంది. కైక సంతోషించి మంథరకు ఒక నగ కానుకగా ఇస్తుంది. రాముడికీ భరతుడికీ మధ్య తనకు తేడా లేదంటుంది. మంథర ఆ నగను విసిరికొట్టి అసలు మాటలు మొదలుపెడుతుంది. రాముడు రాజైతే అతని తర్వాత అతని కొడుకు రాజవుతాడు, భరతుడి వంశానికి ఇక రాజ్యం లేదు అంటుంది. భరతుడు మేనమామ ఇంట్లో ఉన్నాడు, ఇక్కడ లేడు అంటుంది. రాజు ప్రేమ నీదేనన్న గర్వంతో ఒకప్పుడు కౌసల్యను చిన్నచూపు చూశావు, రేపు ఆమె రాజమాత అయితే ఆ పగ తీర్చుకోదా అంటుంది. చివరికి దేవాసుర యుద్ధంలో గాయపడిన దశరథుణ్ణి కైక కాపాడిన సంగతి, అప్పుడాయన ఇచ్చిన రెండు వరాల సంగతి గుర్తు చేస్తుంది. వాటి గురించి మంథరకు ఒకప్పుడు చెప్పింది కైకే.

ఈ భాగాన్ని ముక్కలుగా విడదీసి బోర్డు మీద రాసి, "ఏ మాట దగ్గర కైక మారింది?" అని అడిగితే క్లాసు రెండుగా చీలిపోతుంది. కొడుకు భవిష్యత్తు మాట దగ్గర అని కొందరు, కౌసల్య పేరు వినగానే అని కొందరు. నాకైతే రెండోదే ఎక్కువ బలంగా కనిపిస్తుంది. భరతుడి మాట ఎత్తినప్పుడు కైక దగ్గర ఇంకా జవాబు ఉంది, రాముడి తర్వాత భరతుడికీ రాజ్యం వస్తుందని ఆమె అంటుంది. కౌసల్య పగ సంగతికి మాత్రం ఆమె దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది ఆమె చేసిన పనే. అయితే కొడుకు వైపు వాదించే పిల్లల దగ్గరా ఆధారాలున్నాయి. మొదటి వరం భరతుడికి పట్టాభిషేకమే కదా, భయం తన గురించే అయితే కొడుకు కోసం ఎందుకు అడిగింది అంటారు. దానికి అవతలి వాళ్లు, కొడుకు రాజైతే ఆమెను ఎవరు ఏం చేయగలరు అంటారు. ఈ వాదన ఎటూ తేలకపోయినా నష్టం లేదు. స్వార్థపరురాలు అన్న మాటను ఆ తర్వాత ఒక్కరూ వాడరు.

నగ ఇచ్చినప్పుడూ, వరాలు అడిగినప్పుడూ కైక అదే మనిషి. కోరికలు కూడా పెద్దగా మారలేదు. కొడుకు బాగుండాలని, తన స్థానం నిలవాలని అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మారింది రేపు ఏం జరగబోతోందన్న ఆమె నమ్మకం. కాబట్టి పాత్ర చేసే పనికి కారణం వెతకడమంటే కనీసం మూడు సంగతులు పట్టుకోవాలి. ఆ మనిషికి ఏం కావాలి, ఆ క్షణానికి తనకు ఏం తెలుసు లేదా ఏం తెలుసనుకుంటున్నాడు, ఎదురుగా ఇంకే దారులున్నాయి. పిల్లలు మొదటిదాన్ని ఎలాగోలా చెప్తారు. రెండోదాన్ని దాదాపు ఎప్పుడూ మర్చిపోతారు. కథ చివరిదాకా చదివేసి ఉంటారు కనుక, తమకు తెలిసిందంతా పాత్రకూ తెలుసనుకుంటారు. రాముడు అడవికి వెళ్లాక దశరథుడు చనిపోతాడని మనకు తెలుసు. వరాలు అడిగిన రాత్రి కైకకు అది తెలియదు.

ఇతరుల మనసులో ఏముందో ఊహించే శక్తి పిల్లలకు లేక కాదు ఈ ఇబ్బంది. 1983లో హైన్జ్ విమ్మర్, యోసెఫ్ పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చిన్న పిల్లలకు ఒక కథ చెప్పి పరీక్షించారు. ఒక పిల్లాడు చాక్లెట్‌ను ఒక అలమరలో పెట్టి బయటికి వెళ్తాడు. వాడు లేనప్పుడు అమ్మ దాన్ని ఇంకో అలమరలోకి మారుస్తుంది. తిరిగొచ్చిన పిల్లాడు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు చాక్లెట్ ఇప్పుడున్న చోటు చూపిస్తారు. నాలుగైదేళ్లు వచ్చేసరికి చాలామంది వాడు పెట్టిన చోటే వెతుకుతాడని సరిగ్గా చెప్తారు. అంటే ఎదుటివాడి నమ్మకం తప్పై ఉండొచ్చని, ఆ తప్పు నమ్మకం ప్రకారమే నడుచుకుంటాడని బడిలో చేరే నాటికే తెలుసు. పదో తరగతి పిల్లవాడికి అది కొత్తగా నేర్పక్కర్లేదు. కథ చదివేటప్పుడు ఆ తెలివిని బయటికి తీయమని అడగాలి, అంతే. మన ప్రశ్నపత్రాలు అడుగుతున్నది స్వభావం కాబట్టి వాళ్లు స్వభావమే రాస్తున్నారు.

ఇంకో అడ్డంకి పెద్దవాళ్లకూ ఉన్నదే. మన పనికి పరిస్థితులు కారణమంటాం, ఇంకొకరి పనికి వాళ్ల గుణం కారణమంటాం. నేను క్లాసుకు ఆలస్యమైతే దారిలో ట్రాఫిక్. పక్కవాడు ఆలస్యమైతే వాడికి బాధ్యత లేదు. ఎదుటివాళ్ల విషయంలో పరిస్థితిని వదిలేసి గుణం మీదికి పోయే ఈ అలవాటును మనస్తత్వ శాస్త్రంలో ఒక మౌలికమైన పొరపాటుగా లెక్కించి, 1977లో లీ రాస్ దానికి పేరు పెట్టాడు. కథల్లో పాత్రలు ఎప్పుడూ ఎదుటివాళ్లే కదా, అందుకే అక్కడ ఈ పొరపాటు ఇంకా సులువుగా జరుగుతుంది.

మన సంప్రదాయంలో దీనికి పనికొచ్చే సామగ్రి చాలా ఉంది, తెలుగు టీచర్లం దాన్ని అలంకార శాస్త్రం పేపరు కోసం చదివి అక్కడే వదిలేశాం. నాట్యశాస్త్రంలో భరతముని విభావం, అనుభావం, వ్యభిచారి భావం అని మూడు చెప్పాడు. విభావం భావాన్ని పుట్టించే కారణం, పరిస్థితి. అనుభావం పైకి కనిపించేది: చూపు, మాట, ఒంటి కదలిక. వ్యభిచారి భావాలు మధ్యలో వచ్చిపోయేవి, శంక, అసూయ, చింత, గర్వం లాంటివి, మొత్తం 33. నటుడు కారణం తెలుసుకుని పైకి కనిపించే దాన్ని చేసి చూపిస్తాడు. పాఠకుడు ఎదురు దిక్కున నడవాలి. వాడికి దొరికేది అనుభావమే. అక్కడినుంచి వెనక్కి కారణం దాకా వెళ్లాలి.

ఈ వెనక్కి నడక ఎంత జాగ్రత్తగా సాగాలో కూడా అదే గ్రంథంలో తెలుస్తుంది. కన్నీటికి అక్కడ చెప్పిన కారణాల్లో ఆనందం ఉంది, కోపం ఉంది, భయం, శోకం ఉన్నాయి. వాటి పక్కనే పొగ, కాటుక, ఆవులింత, చలి, రోగం కూడా ఉన్నాయి. కథలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది అని చదవగానే "ఆమె బాధపడింది" అని రాసే పిల్లవాడికి ఈ జాబితా ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు. ఒకే గుర్తును పట్టుకుని కారణం తేల్చకూడదని, కనీసం రెండు మూడు గుర్తులు ఒకే వైపు చూపించాలని వాడికే అర్థమవుతుంది.

క్లాసులో ఇది చేసి చూడటానికి తెలిసిన కథల కంటే తెలియని చిన్న ముక్క మేలు. తెలిసిన కథకు జవాబు ఎక్కడో ఒక చోట అచ్చై ఉంటుంది. అందుకే మా ఊరి మిర్చి యార్డు మీద ఇలాంటిది ఒకటి రాసుకున్నాను (టిక్కీ అంటే మిర్చి బస్తా):

"కోటయ్య టిక్కీలు దించి పొద్దుటి నుంచి యార్డులోనే కూర్చున్నాడు. వ్యాపారి వచ్చి కాయ విరిచి చూసి రేటు చెప్పాడు. పక్క రైతుకు చెప్పిన దాని మీద క్వింటాకు రెండు వందలు ఎక్కువే. కోటయ్య తల అడ్డంగా ఊపాడు. 'కోల్డ్ స్టోరేజీలో పెడతాను' అన్నాడు. 'మొన్న ఫోన్లో డబ్బు అర్జెంటు అన్నావు కదా బాబాయ్' అన్నాడు కమీషన్ ఏజెంటు. కోటయ్య జేబులోంచి సెల్ తీసి, చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. 'ఇప్పుడు అవసరం లేదులే' అన్నాడు. సాయంత్రం ఊరి బస్సులో టిక్కెట్టు తీసుకుని, మిగిలిన చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు."

కోటయ్య ఎందుకు అమ్మలేదు? మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే, "ఇంకా ఎక్కువ రేటు రావాలని ఆశ." ఇది తప్పని నేను చెప్పను. ఈ జవాబు ఏ ఏ వాక్యాలను వివరిస్తోందో, ఏ వాక్యాలను వదిలేస్తోందో చూడమంటాను. తల అడ్డంగా ఊపడం, కోల్డ్ స్టోరేజీ మాట సరిపోతాయి. సెల్ తీసి చూడటం మిగిలిపోయింది. అవసరం లేదని చెప్పి చిల్లర రెండుసార్లు లెక్కపెట్టడం మిగిలిపోయింది. అప్పుడు రెండో వరస ఊహలు వస్తాయి. కూతురి పెళ్లి సంబంధం తప్పిపోయిందేమో, ఆ కబురు ఫోన్లో వచ్చిందేమో, అందుకే అవసరం తీరిపోయిందేమో. ఆ ఏజెంటుకే పాత బాకీ ఉందేమో, ఇక్కడ అమ్మితే అంతా దానికే పోతుందేమో. ఇవి ఆశ అన్న జవాబు కంటే మెరుగైనవి, వివరించే వాక్యాలు ఎక్కువ కాబట్టి.

ఇక్కడ రైతుల ఇళ్ల పిల్లలు ముందుకొస్తారు. కోల్డ్ స్టోరేజీలో సరుకు పెడితే ఆ రసీదు మీద అప్పు తీసుకోవచ్చు కదా అంటారు. అంటే కోటయ్య డబ్బు వద్దనుకోలేదు, సరుకు పోకుండా డబ్బు తెచ్చుకునే దారి చూసుకున్నాడు. ఈ సంగతి ఆ ముక్కలో ఎక్కడా లేదు, పిల్లల ఇళ్లలో ఉంది. అపార్ట్‌మెంట్లో పెరిగిన పిల్లలకు టిక్కీ అంటేనే తెలియదు. పాత్ర మనసు తెలియాలంటే పాత్ర బతికే లోకం తెలియాలన్నది దీన్నిబట్టి క్లాసుకు సులువుగా అర్థమవుతుంది.

మర్నాడు అదే ముక్కకు ముందు ఒక్క వాక్యం చేర్చి ఇస్తాను: "ముందు రోజు రాత్రి పెద్దల్లుడు ఫోన్ చేసి, సరుకు అమ్మగానే నాకు చెప్పండి మావయ్యా అన్నాడు." మిగతా అక్షరం ఒక్కటి కూడా మార్చను. అయినా సెల్ చూసి జేబులో పెట్టుకోవడం అర్థం మారిపోతుంది. అవసరం లేదన్నది ఏజెంటుకు చెప్పిన సాకుగా వినిపిస్తుంది. సరుకు అమ్ముడుపోలేదంటే అల్లుడికి చెప్పాల్సిన మాటే ఉండదు. కొందరు పిల్లలు ఇంకో అడుగు వేస్తారు, అల్లుడు డబ్బు అడుగుతున్నాడని కథలో లేదు కదా అంటారు. నిజమే, లేదు. అల్లుడు మంచి రేటు వచ్చిందో లేదోనని అడిగి ఉండొచ్చు. అయితే కోటయ్య ఎలా అనుకున్నాడన్నదే ఇక్కడ లెక్క. కైక దగ్గర నేర్చుకున్నది ఇక్కడ పనికొస్తుంది.

పైకి చెప్పిన కారణం ఒకటి, లోపలి కారణం ఒకటి అన్న విషయానికి గురజాడ 'కన్యాశుల్కం' మొదటి అంకాన్ని మించిన పాఠం తెలుగులో లేదని నా అభిప్రాయం. 1892లో మొదటిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో బాగా పెంచి తిరగరాసిన నాటకం అది. గిరీశం విజయనగరం వదిలి వెంకటేశం వెంట అగ్రహారానికి బయల్దేరతాడు. పైకి చెప్పేది సెలవుల్లో కుర్రాడికి చదువు చెప్పడం. అసలు సంగతి ఊళ్లో బాకీలు, పూటకూళ్లమ్మ గొడవ. వెంకటేశానికి కూడా సొంత కారణం ఉంది. పరీక్ష తప్పాడు, ఇంగ్లీషొచ్చిన గురువును వెంటబెట్టుకుని వెళ్తే తండ్రి కోపం నుంచి తప్పించుకోవచ్చు. ఇద్దరిదీ ఒకే ప్రయాణం, ఇద్దరిదీ ఒకే సాకు, లోపల కారణాలు మాత్రం వేరు వేరు. పిల్లలకు ఇది ఇట్టే అర్థమవుతుంది, పరీక్ష తప్పిన వెంకటేశం వాళ్లకు బాగా తెలిసినవాడు.

కష్టమొచ్చేది ఆ తర్వాత, గిరీశం వెంకటేశం అక్క, వితంతువైన బుచ్చమ్మ దగ్గర వితంతు వివాహం గురించి మాట్లాడేటప్పుడు. ఆ మాటలు నమ్మి అంటున్నాడా, ఆమె కోసం అంటున్నాడా, ఆమె ఆస్తి కోసమా? ఇక్కడ కాలం తెలియకపోతే ఒక్క అడుగు పడదు. వితంతు వివాహానికి 1856లోనే చట్టం వచ్చింది. అయినా తెలుగునాట వీరేశలింగం రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. అంటే ఈ నాటకం మొదటిసారి ఆడే నాటికి ఆ పెళ్లి జరిగి పదకొండేళ్లు కూడా నిండలేదు. అలాంటి రోజుల్లో బుచ్చమ్మ ఆ మాట వినడానికే ఎంత ధైర్యం కావాలో, సంస్కర్త అనిపించుకోవడంలో గిరీశం లాంటివాడికి ఎంత లాభముందో తెలియని పిల్లవాడు "గిరీశం మోసగాడు" అని రాసి ఊరుకుంటాడు. ఈ నేపథ్యం ప్రశ్నకు ముందే చెప్పేయాలి. దాన్ని కూడా వాళ్లే ఊహించాలని కూర్చుంటే తెలిసిన ఇళ్ల పిల్లలు గెలుస్తారు, మిగతావాళ్లు తమకు సాహిత్యం రాదనుకుంటారు.

రాత కంటే గొంతు త్వరగా నేర్పే సంగతులు కొన్ని ఉన్నాయి. రష్యన్ నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ తన నటులను ప్రతి సన్నివేశంలోనూ "ఇక్కడ ఈ మనిషికి ఏం కావాలి?" అని తమను తాము ప్రశ్నించుకోమనేవాడు. గుంటూరు, తెనాలి ప్రాంతంలో పరిషత్ నాటకాలు ఆడినవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి నాటకాలు విని పెరిగినవాళ్లకూ కొత్త కాదు. రేడియోలో ముఖం లేదు, సెట్టు లేదు, కారణమంతా గొంతులోనే వినిపించాలి. అందుకే కోటయ్య అన్న "ఇప్పుడు అవసరం లేదులే" ఒక్కటే తీసుకుని ముగ్గురు పిల్లల చేత మూడు రకాలుగా పలికిస్తాను. ఒకరు ఏజెంటును నొప్పించకుండా తప్పించుకోవాలి. ఒకరు పరువు దాచుకోవాలి. ఒకరికి నిజంగానే అవసరం తీరిపోయింది. వినే క్లాసు ఎవరికి ఏ కారణం ఇచ్చానో చెప్పాలి. పరువు కోసం పలికినవాడు సాధారణంగా "లేదులే" దగ్గర తొందరపడతాడు. నిజంగా అవసరం తీరినవాడు తొందరపడడు. ఈ తేడా తామే పట్టుకున్నాక, కథలో రచయిత "అన్నాడు" బదులు "గబగబా అన్నాడు" అని ఎందుకు రాశాడో వాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు.

ఇక పిల్లలు అడిగే ప్రశ్న, "అయితే ఏది రాసినా కరెక్టేనా మేడమ్?" కాదు. నేను మార్కులు వేసే పద్ధతి ఇదీ. కారణం చెప్పాలి, దాన్ని చూపించే వాక్యాలు కథలోంచి రెండైనా తేవాలి, ఆ కారణానికి సరిపడని వాక్యం ఏదైనా ఉంటే దాన్ని దాచకుండా రాయాలి. మూడోదానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. ఈ మధ్య పిల్లలు వాడే "ఇగో", "డిప్రెషన్" లాంటి మాటలకు విడిగా మార్కులు లేవు, అవి కూడా స్వార్థపరురాలు లాంటివే, పేరు పెట్టి ముగించేస్తాయి. అలాగే రచయిత జీవితంలో ఫలానాది జరిగింది కాబట్టి పాత్ర అలా చేసింది అనే జవాబును కూడా ఒప్పుకోను. కోటయ్యకు నా సంగతి తెలియదు.

పబ్లిక్ పరీక్షలో దిద్దేవారికి ఇంత ఓపిక ఉండకపోవచ్చని పిల్లలకు, తల్లిదండ్రులకు టెన్షన్ ఉంటుంది, అది న్యాయమైనదే. అందుకు నేను చెప్పేది, మొదటి వాక్యంలో వాళ్లు అడిగే విశేషణం రాయండి, రెండో వాక్యం నుంచి "ఎందుకంటే" అని మొదలుపెట్టి కథలోకి వెళ్లండి. "కైకకు తన స్థానం పోతుందన్న భయం ఎక్కువ. ఎందుకంటే నగ బహుమతిగా ఇచ్చిన చేతితోనే..." అని మొదలైన జవాబుకు మార్కులు తగ్గించిన దిద్దుబాటును నేనైతే చూడలేదు.

చివరగా, ఎంత వెతికినా కారణం దొరకని కథలూ ఉంటాయి. వాటిలో రెండు రకాలు. ఒక రకంలో రచయిత కావాలనే చెప్పకుండా వదిలేస్తాడు, గుర్తులు మాత్రం రెండు వైపులా సమానంగా ఉంటాయి. అక్కడ "రెండూ నిలుస్తాయి, ఇదిగో ఇందువల్ల" అని రాయడం పూర్తి జవాబే. రెండో రకంలో గుర్తులే ఉండవు. కథ ముందుకు కదలాలి కాబట్టి పాత్ర చేత ఆ పని చేయించారు, నిన్నటిదాకా పిసినారిగా ఉన్నవాడు ఆఖరి పేజీలో ఉన్నట్టుండి ఆస్తంతా దానం చేస్తాడు. ఏడాది చివరికొచ్చేసరికి కొందరు పిల్లలు ఇలాంటి కథను పక్కన పెట్టి, "మేడమ్, ఇందులో ఇతనికి కారణం లేదు, రచయితకే ఉంది" అంటారు. వాళ్లకు ఆ కథే ఇచ్చి, ఆ పిసినారి మారడానికి కారణమయ్యే ఒక్క వాక్యాన్ని మధ్యలో ఎక్కడ చేరుస్తారో చేర్చి తీసుకురమ్మంటాను.